పాత దివాణం ముఖద్వారం: కమాను బీట, మిద్దె కారుడు, గోడల చెమ్మ. ఏది ముందు పట్టుకోవాలి?

దివాణంవీధి:

పొదిలి దగ్గర ఒక పాత జమీందారీ దివాణం ముఖద్వారం గురించి అడుగుతున్నాను. నడుమ బండ్లు పోయే దారి, దానిపైన అర్ధచంద్రపు కమాను, రెండు పక్కలా చెరొక కావలి గది. దారి వెడల్పు 11 అడుగులు. మొదట కట్టినప్పుడు నేల నుంచి కమాను నడినెత్తికి 14 అడుగులు ఉండేది. పంచాయతీ సీసీ రోడ్డు వేశాక నేల అడుగుం పావు పైకొచ్చింది. గోడల మందం రెండున్నర అడుగులు, నాటు ఇటుక, సున్నం. కింద రాతి పునాది. నేల నల్లరేగడి.

ఇబ్బందులు ఇవి. కమాను నడినెత్తిన అడుగు వైపు నుంచి బీట ఉంది. కింద 4 మిల్లీమీటర్లు, పైకి పోయేకొద్దీ వెంట్రుకంత. ఎడమ కావలి గది మద్రాసు మిద్దె (కొయ్య దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాత పైకప్పు) కారుతోంది, రెండు దూలాల కొనలు గోడ దగ్గర మెత్తబడ్డాయి. వెనకటి మరమ్మతులో పూసిన సిమెంటు మూడడుగుల ఎత్తు దాకా ఉబ్బి, తెల్లటి ఉప్పు పూస్తోంది. పిట్టగోడ మీద రావి మొక్కలున్నాయి. పెద్ద తలుపు ఒక రెక్క నేలకు రాసుకుంటోంది. కాంట్రాక్టరేమో కమాను కొట్టేసి ఆర్‌సీసీ బీము వేద్దాం, మిద్దె తీసి స్లాబు పోద్దాం అంటున్నాడు. అట్లా కాకుండా ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత? పర్మిషన్లేమైనా కావాలా?

కమానుకాలు:

కాంట్రాక్టర్‌ను ఆపండి. 4 మిల్లీమీటర్ల బీటకు కమాను కొట్టేయనక్కర్లేదు. ఆ బీట ఎందుకొచ్చిందో ముందు తేలాలి.

కమాను కాళ్ళు ఎడమైతే నడినెత్తి కిందికి జారుతుంది. అప్పుడు నడుమ బీట అడుగు వైపు తెరుచుకుంటుంది, కాళ్ళు మొదలయ్యే చోట పైవైపు తెరుచుకుంటుంది. మీరు చెప్పింది సరిగ్గా ఇదే. అంటే బరువు ఎక్కువైన కమాను కాదిది, ఆనిక పక్కకు జరిగిన కమాను. ఇక్కడ బీము వేస్తే బీమూ ఆ జరిగే గోడ మీదే కూర్చుంటుంది.

కొన్ని చూసి చెప్పండి. రెండు పక్కలా గోడలకు పైనుంచి గుండు వేలాడదీసి ఎంత వాలాయో కొలవండి. ఎడమ గదిలో కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలు బీటలేమైనా ఉన్నాయా? ఉంటే పైన వెడల్పా, కింద వెడల్పా? మిద్దె మీది వాన నీళ్ళు దిగే తూము ఏ మూలన ఉంది, ఆ నీళ్ళు నేల మీద ఎక్కడ పడుతున్నాయి? చివరిదే అన్నిటికంటే ముఖ్యం.

ఈలోగా బీటకు అడ్డంగా మూడు చోట్ల గాజు పట్టీలు అతికించండి. రెండంగుళాల పొడవు, పలుచటి గాజు, రెండు కొనలకూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పూత మీద అతికించొద్దు, పూత గీకి ఇటుకకే అతికించాలి, లేకపోతే పూత ఊడినా గాజు పగిలినట్టే కనిపిస్తుంది. పక్కన తేదీ రాయండి. ఇంకా మేలు, బీటకు చెరొక వైపు రెండు స్టీలు మేకులు దిగ్గొట్టి వాటి మధ్య దూరాన్ని వెర్నియర్‌తో నెలకోసారి కొలవడం. నల్లరేగడి మే నెలలో ముడుచుకుంటుంది, మన వైపు ఈశాన్య వానలు పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఉబ్బుతుంది. కాబట్టి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రెండూ దాటాకే ఆ లెక్కను నమ్మాలి.

దివాణంవీధి:

చూశాను. కుడి గోడ నిటారుగానే ఉంది. ఎడమ గోడ ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో ముప్పావు అంగుళం బయటికి వాలింది. ఎడమ గది వెనక గోడలో కిటికీ మూల నుంచి ఏటవాలు బీట ఉంది, పైన వెడల్పు, కింద సన్నం. మిద్దె నీళ్ళకు బయటి మూలన రాతి తూము ఉండేది, అది విరిగిపోయింది. ఇప్పుడు నీళ్ళు గోడ వెంబడే కారి ఆ మూల పునాదిలోకే దిగుతున్నాయి. రోడ్డు నీళ్ళు గూడ ఆ వైపే వచ్చి నిలుస్తున్నాయి.

కమానుకాలు:

అయితే మీ ఇబ్బందుల్లో ముప్పాతిక భాగం ఆ విరిగిన తూముదే. బయటి మూల కింద రేగడి నానుతూ ఆరుతూ మూల కుంగింది. పైన వెడల్పయిన ఏటవాలు బీట చెప్పేది అదే. మూలతో పాటు గది మొత్తం అటువైపు ఒరిగింది, దాంతో కమాను ఎడమ కాలు దూరమై నడినెత్తిన తెరుచుకుంది. అవే నీళ్ళు గోడలో నానడం వల్ల దూలాల కొనలు మెత్తబడ్డాయి. బీటకు, కారుడుకు, చెమ్మకు వేర్వేరు ఎస్టిమేట్లు రాయించొద్దు.

మొదట తూము. కొత్త రాతి తూమో, రాగి రేకు తూమో పెట్టి గోడకు కనీసం అడుగు బయటికి నీళ్ళు దూకేలా చేయండి. పడేచోట బండ వేసి, అక్కడి నుంచి పదడుగుల అవతలికి కాలువ తీయండి. పీవీసీ పైపు గోడలో పూడ్చి తెచ్చే ఆలోచన వద్దు, కీలు దగ్గర కారినా బయటికి తెలియదు.

రెండోది నేల మట్టం. రోడ్డు అడుగుం పావు లేచిందంటే పాత బేస్‌మెంట్ మట్టం మట్టిలో ఉన్నట్టే. గోడ వెంబడి అడుగు వెడల్పున, పాత బేస్‌మెంట్ తేలేదాకా తవ్వి, అడుగున వాలు ఇచ్చి, 40 మిల్లీమీటర్ల కంకర నింపి నీళ్ళు బయటికి పోయే దారి చూపండి. పునాది అడుగు కంటే లోతుకు ఎట్టి పరిస్థితిలోనూ పోవద్దు. మూల దగ్గర ఒకేసారి పొడవునా తవ్వొద్దు, నాలుగేసి అడుగుల ముక్కలుగా తవ్వండి.

ఈ రెండూ అయ్యాక గాజు పట్టీలు ఒక వానాకాలం పగలకుండా నిలిస్తే పునాది జోలికి పోనక్కర్లేదు. పగిలితే అప్పుడు ఆ మూల కింద ముక్కలు ముక్కలుగా కొత్త పునాది చొప్పించే పని. అది స్ట్రక్చరల్ ఇంజనీర్ దగ్గరుండి చేయించాల్సింది.

ఇనుపకట్టు:

పైవారితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ కమానుకు ఇనుప కట్టు వేయకుండా వదలడం నాకు నచ్చదు. లెక్క చెబుతాను. 11 అడుగుల అర్ధచంద్రం, నడినెత్తి పైన పిట్టగోడతో కలిపి మూడడుగుల గోడ, రెండున్నర అడుగుల మందం అనుకుంటే కమాను మోసే బరువు దాదాపు 6 టన్నులు. ఒక్కో కాలు దగ్గర పక్కకు తోసే బలం సుమారు ఒకటిన్నర టన్ను. ముందు ముఖాన ఒకటి, వెనక ముఖాన ఒకటి 16 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీలు, రెండు కొనలా 250 మిల్లీమీటర్ల చదరపు, 12 మిల్లీమీటర్ల మందం పలకలు, నడుమ బిగించే స్క్రూ. ఇంతే చాలు, ఇంకా బలం మిగులుతుంది. స్క్రూను చేత్తో బిగించి వదిలేయాలి. స్పానర్‌తో లాగి గోడను వెనక్కి తెద్దామనుకుంటే పలక కింది ఇటుక నలుగుతుంది.

కడ్డీ ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. కనపడకుండా కమాను పైన గోడలో పెడదామంటారు చాలామంది. అక్కడ పెడితే తోపు ఉన్నచోట పట్టు ఉండదు. కమాను కాలు మొదలయ్యే మట్టం, లేదా దానిపైన మూడో వంతు ఎత్తు లోపు ఉండాలి. మీ లెక్కలో కాలు మొదలయ్యేది ఇప్పటి రోడ్డు నుంచి ఏడుం పావు అడుగుల ఎత్తున. మూడో వంతు పైకి జరిపినా 9 అడుగులు. అంటే కడ్డీ పెడితే ట్రాక్టరు ట్రాలీ, వరికోత మిషను ఇక పోలేవు.

కమానుకాలు:

అవి ఎట్లాగూ పోకూడదు. నడినెత్తికి ఇప్పుడు పన్నెండుం ముప్పావు అడుగులున్నా, నడుమ నుంచి మూడున్నర అడుగులు పక్కకు వస్తే పదకొండున్నరే. అర్ధచంద్రంతో వచ్చే తంటా ఇది, డ్రైవరు చూసేది నడుమనే. మిషను పైమూల తగిలేది పక్కన. మీ కమాను అడుగున ఇటుకలు గీరుకుపోయి ఉంటే అది అదే. పక్కన గోడ లేని ఖాళీ ఉంటే బండ్లకు వేరే దారి ఇప్పించండి. వీల్లేకపోతే ద్వారానికి రెండు వైపులా 20 అడుగుల ముందే ఎత్తు ఆపే ఇనుప అడ్డు పెట్టించండి. గోడ మూలల దగ్గర బండి ఇరుసు తగలకుండా నిలబెట్టిన పాత రాళ్ళు రోడ్డు కింద పూడిపోయి ఉంటాయి, వాటిని తీసి కొత్త మట్టానికి మళ్ళీ నిలబెట్టండి.

కడ్డీ విషయంలో నా మాట: ముందు సెంట్రింగ్ పెట్టి కమానును ఆపండి, వానాకాలం చూడండి. కదలిక ఆగితే కడ్డీ అక్కర్లేదు. ఆగకపోతే ఇనుపకట్టు గారు చెప్పిన కొలతలే వేయండి. కనపడినా తప్పేం లేదు, రేపు అవసరం లేదనుకుంటే విప్పేయొచ్చు. కాంక్రీటు అయితే విప్పే వీలుండదు.

గానుగసున్నం:

బీట పూడ్చడం గురించి. కదలిక ఆగిందని తేలాకే. కమాను కింద చెక్క సెంట్రింగ్ పెట్టి, జంట చీలలు కొట్టి ఆనించాలి, పైకి ఎత్తకూడదు. బీటలోని దుమ్ము బ్రష్షుతో తీసి నీళ్ళతో కడగాలి. వెడల్పయిన కీళ్ళలో మార్కాపురం పలక ముక్కలు సన్నగా చెక్కి సుత్తితో మెల్లగా బిగించండి. పలక నలగదు, నీళ్ళు పీల్చదు, బరువు వెంటనే అందుకుంటుంది. తర్వాత బీట ముఖాన్ని సున్నంతో మూసి, ప్రతి ఒకటిన్నర అడుగుకు ఒక సన్న గొట్టం వదిలి, కింది గొట్టం నుంచి మొదలుపెట్టి పల్చటి సున్నం, మెత్తటి సుర్కీ (ఇటుక పొడి) సమంగా కలిపిన పాలు పోయాలి. మూడడుగుల ఎత్తున గరాటు కడితే చాలు, మిషను ప్రెషర్ పెట్టొద్దు. పై గొట్టంలోంచి పాలు వస్తే కిందిది మూసి పైకి జరగాలి. ఎపాక్సీ పోస్తామంటే వద్దనండి. ఇటుక కంటే గట్టిదైతే తర్వాతి కదలికకు బీట పక్కనే కొత్తగా చీలుతుంది.

సున్నం సంగతి. బస్తాల్లో దొరికే పొడి సున్నం చాలాసార్లు గాలికి పాడైపోయి ఉంటుంది, వెల్లకు తప్ప పనికిరాదు. బట్టీ నుంచి అప్పుడే వచ్చిన ముద్ద సున్నం కొనండి. చిన్న ముక్క నీళ్ళలో వేస్తే నిమిషాల్లో బుసబుసా ఉడికి విచ్చిపోవాలి. అడుగున కాలని రాయి ఎక్కువ మిగిలితే ఆ సరుకు వద్దు. కట్టడాల సున్నానికి భారత ప్రమాణమైన ఐఎస్ 712 లెక్కలో ఇటుక పనికి బీ తరగతి సున్నం వాడతారు, లేదా సీ తరగతి కొవ్వు సున్నంలో (గాలి తగిలితేనే గట్టిపడేది) సుర్కీ కలుపుతారు. గుల్ల సున్నం కొవ్వు సున్నమే, తెల్లగా నునుపుగా వస్తుంది, పైపూతకు దానికి మించింది లేదు. గోడ లోపలికి మాత్రం సుర్కీ లేకుండా వాడొద్దు, గాలి తగలక ఎన్నేళ్ళయినా పచ్చిగానే ఉంటుంది.

నానబెట్టేటప్పుడు తొట్టిలో ముందు నీళ్ళు, తర్వాత సున్నం. నీళ్ళు తక్కువై సున్నం మీద పోస్తే ఎగజిమ్ముతుంది, కళ్ళు పోతాయి. అద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. నానిన సున్నాన్ని సన్న జల్లెడలో వడగట్టి, పైన రెండంగుళాల నీళ్ళు నిలిపి, కనీసం నెల మాగనివ్వండి. ఇటుక పనికి ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్ళ ఇసుక. పెన్నా ఇసుక మేలు. సముద్రం ఒడ్డు ఇసుక ఎంత కడిగినా ఉప్పు వదలదు. సున్నం రుబ్బే గానుగ దొరక్కపోతే రోలర్ మిక్సరు వాడండి. మామూలు కాంక్రీటు మిక్సరులో సున్నం ఉండలు కడుతుంది.

మిద్దెమేస్త్రి:

మిద్దె గురించి నేను చెబుతాను. స్లాబు పోయాలంటే దూలాలన్నీ తీయాలి, గోడ పైవరసలు కొట్టాలి. ఒరిగిన గది మీద ఆ పని చేస్తే గది నిలవదు.

మద్రాసు మిద్దెలో కింద దూలాలు అడుగున్నరకు ఒకటి, వాటిమీద ఆరంగుళాల సన్న ఇటుకలు అంచు మీద నిలిపి మూలవాటంగా పేర్చినవి, ఆపైన ఇటుక కంకర సున్నం మూడంగుళాలు, ఆపైన చదును పెంకులు రెండు వరసలు కీళ్ళు తప్పించి ఉంటాయి. కారుడు నడుమ నుంచి రావడం తక్కువ, పిట్టగోడ మొదట్లో, తూము దగ్గరే ఎక్కువ. మీ మిద్దె మీద ఎవరైనా సిమెంటు గచ్చు వేశారేమో చూడండి. రెండంగుళాల సిమెంటు గచ్చంటే చదరపు మీటరుకు వంద కిలోలు. మిద్దెకు ఆ బరువు అదనం. పైగా ఎండకు చీలి, ఆ చీలికలోంచి దిగిన నీళ్ళను ఆరనివ్వదు.

కింద జాకీలు, అడ్డ దూలాలు పెట్టి మిద్దె బరువు దించుకున్నాకే పైన చెయ్యి పెట్టండి. సిమెంటు గచ్చు ఉలి, సుత్తితో తీయాలి, బ్రేకర్ మిషను పెడితే కింది ఇటుకలు రాలిపోతాయి. మెత్తబడ్డ దూలాలను స్క్రూడ్రైవర్‌తో గుచ్చుకుంటూ గట్టి కొయ్య ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టండి. అడుగు, అడుగున్నర పోయి ఉంటే దూలం మొత్తం మార్చొద్దు. పాత టేకు ముక్కతో కొన అతికి, రెండు పక్కలా 8 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ పలకలు వేసి, గట్టి భాగం మీదికి రెండడుగులు పోయేలా 12 మిల్లీమీటర్ల బోల్టులు బిగించండి. గోడ గూట్లో దూలం కింద నాపరాయి ముక్క, చుట్టూ అర అంగుళం ఖాళీ. చాలామంది ఆ ఖాళీని సున్నంతో నింపేస్తారు, కొన కుళ్ళడం అక్కడే మళ్ళీ మొదలవుతుంది. చెదలుంటే ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్లు, గోడ మొదట్లో రంధ్రాలు వేసి పోయించాలి.

కంకర సున్నానికి 25 మిల్లీమీటర్ల లోపు ఇటుక కంకర రెండున్నర పాళ్ళకు సున్నం సుర్కీ ముద్ద ఒక పాలు. కంకరను ముందురోజే నానబెట్టాలి. పరిచి, దిమ్మిసలతో, కొట్టుడు చెక్కలతో కనీసం వారం కొట్టాలి. కొట్టేటప్పుడు చల్లే నీళ్ళు: 100 లీటర్లకు 3 కిలోల బెల్లం, ఒకటిన్నర కిలోల కాయ. ఉత్తరాది పద్ధతిలో మారేడు కాయ వేస్తారు, మన వైపు కరక్కాయ దంచి నానబెట్టి వడగట్టి పోస్తారు. చెక్క పడితే అచ్చు పడకుండా ఎగిరి పడాలి, అప్పుడే ఆపాలి. చాలాచోట్ల కూలి ఖర్చుకని మూడో రోజే ఆపేస్తారు, రెండో వానకే చెమ్మ దిగుతుంది. వాలు 60కి 1, అంటే మీ గది పదడుగులైతే రెండంగుళాలు. పిట్టగోడ మొదట్లో మూలకు మూడంగుళాల సున్నపు వాలు కట్టు తప్పనిసరి.

సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మార్చి లోపు ముగించండి. రోహిణి కార్తె ఎండలో సున్నం పని చేస్తే పైన ఆరి లోపల పొడిగా మిగులుతుంది. తడి గోనె పట్టాలు కనీసం పది రోజులు కప్పి ఉంచాలి.

గానుగసున్నం:

గోడ పూత మర్చిపోయాం. సిమెంటు పూత ఉబ్బిన మూడడుగులే కాదు, మంచిగా కనిపించే భాగం గూడ నాలుగడుగుల దాకా తీసేయండి. తీసిన వెంటనే కొత్త పూత పూయొద్దు. తడిసిన గోడ అంగుళానికి నెల లెక్కన ఆరుతుందని పాత అంచనా. మీది ముప్పై అంగుళాల గోడ, రెండు వైపులా ఆరినా ఏడాది పైనే పడుతుంది. ఆ లోపు ఉప్పు బయటికి వస్తూనే ఉంటుంది, పొడి బ్రష్షుతో దులిపి దూరంగా పారేయండి. నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది. ఆ తర్వాత ఒకటికి మూడు సున్నం ఇసుక పూత, పైన సన్న గుల్ల సున్నం, దానిపైన మూడు చేతులు పల్చటి వెల్ల. మొదటి పూత కొన్నేళ్ళకు ఉప్పుతో పాడవుతుంది. పాడవ్వాలి గూడ, ఇటుకకు బదులు అది పోతుంది. ఎమల్షన్ పెయింటు మాత్రం ఎక్కడా వద్దు.

కార్నీసు, స్తంభాల తలల మీది సున్నపు చెక్కడం ఊడేముందే రేకు అచ్చు కోయించి పెట్టుకోండి. ఊడాక ఆ వంపు ఎవరికీ గుర్తుండదు.

రావి మొక్కలు లాగొద్దు. లాగితే వేరుతో పాటు ఇటుక వస్తుంది. మొదలు కోసి, మొద్దుకు రంధ్రాలు పెట్టి కలుపు మందు చిక్కగా నింపి మూసేయండి. ఎండాక వేరు తీసి ఆ గుంట సున్నంతో నింపాలి.

దివాణంవీధి:

తలుపు, పర్మిషన్ల సంగతి?

ఇనుపకట్టు:

పర్మిషన్ ముందు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీ ద్వారం అలాంటి పరిధిలో ఉందేమో, రాష్ట్ర శాఖ రక్షిత జాబితాలో ఉందేమో చూసుకోండి. రెండూ కాకపోతే మామూలు మరమ్మతుకు పంచాయతీకి చెప్పడం చాలు. రోడ్డు పక్క కంకర కాలువకు మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. ద్వారం, గదులు ఎవరి పేరున ఉన్నాయో గూడ ముందే చూడండి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత దివాణం ఒకరికి, దారి పంచాయతీకి పోయిన చోట్లు ఉన్నాయి.

తలుపుకు కీళ్ళు ఉండవు. కింద రాతి గుంటలో తిరిగే ఇనుప మొన, పైన దూలంలో రంధ్రం. రెక్క రాసుకుంటోందంటే మొన అరిగిందనో, గుంట లోతయిందనో అర్థం. తలుపు అంచు చెక్కి పొట్టి చేయించొద్దు. కార్ల జాకీతో రెక్క ఎత్తి, గుంటలో 6 మిల్లీమీటర్ల కంచు బిళ్ళ వేసి, ఆముదం పోసి దించండి. చాలకపోతే ఇంకో బిళ్ళ. రోడ్డు పెరిగి రాసుకుంటున్నట్టయితే బిళ్ళతో తీరదు, తలుపు తిరిగే మేర రోడ్డునే వంపుగా చెక్కించాలి. పెద్ద రెక్కలో దిడ్డి తలుపు ఉంటే దాన్ని వాడుకలోకి తెండి. మనుషులకు అది తెరిచి పెద్ద రెక్కలు మూసి ఉంచితే మిషన్లు లోపలికి వచ్చే గొడవే ఉండదు.

దివాణంవీధి:

దిడ్డి తలుపు ఉంది, మేకులు కొట్టి మూసేశారు. తూము, కాలువ పనికి ఈ వారమే మనిషిని పిలుస్తాను. గాజు పట్టీల తేదీలు, మేకుల కొలతలు ఇక్కడే పెడతాను.

కమానుకాలు:

కొలత ఎప్పుడూ ఒకే వేళకు, పొద్దున్నే తీయండి. మధ్యాహ్నపు ఎండకు గోడ వ్యాకోచించి బీట మారుతుంది, దాన్ని చూసి కంగారు పడతారు. వాన పడ్డ రోజు ఎంత వర్షమో, మూల దగ్గర నీళ్ళు నిలిచాయో లేదో గూడ పక్కనే రాయండి.